ఇద్దరం పలికిన పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పేరు లేక కాదు, మరీ ఎక్కువై. వెంకట లక్ష్మీ అప్పలనరసమ్మ. తిరుపతి మొక్కుకి వెంకట, శుక్రవారం పుట్టానని లక్ష్మి. ఇక బరువంతా మోసే ఆ అప్పలనరసమ్మ మా మామ్మ పేరు, అంటే నాన్నని కన్నతల్లిది. మావాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కంపెనీ పనికి జంషెడ్‌పూర్ వచ్చి భాలుబాసాలో కాపురం పెట్టారు కానీ, అత్త పేరు కోడలు నోటితో అనకూడదన్న కట్టుబాటుని మాత్రం సామాన్లతో పాటే మూటగట్టి తెచ్చుకున్నారు. అందుకని అమ్మ నన్ను 'గుంటా' అనేది. తల్లి పేరాయె, నాన్న 'అమ్మా' అనేవాడు. మామ్మ తన పేరుతో తాను ఇంకొకర్ని ఏం పిలుస్తుంది? 'ఓలే' అనేది, నేను పలికేదాన్ని. ముక్క చేసి వట్టి లక్ష్మీ అంటే పెద్దావిడ పేరు కొట్టేసినట్టని అదీ అనేవారు కాదు.

ఇంట్లో ఎవరూ అనని పేరు బళ్లో రోజూ పొద్దున్నే అందరి ముందూ ఊరేగేది. అది హిందీ బడి. హాజరు పిలిచే టీచరమ్మ, బెహన్‌జీ అనేవాళ్లం, వెంకట లక్ష్మి దాకా బాగానే వచ్చి, అప్పల దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టేది. ఈలోపు వెనక బెంచీలోంచి ఛుక్ ఛుక్‌మని రైలు చప్పుడు. 'రేల్‌గాడీ ఆ గయీ', రైలుబండి వచ్చేసిందని ఎవరో ఒకరు అనకుండా తెల్లారేది కాదు. నా పక్కన కూర్చునేవాళ్లు సీమా, రీటా. పిలిచేలోపే పలికేసి కూర్చుండిపోయేవాళ్లు. వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. మామ్మ చీర నాకు చుట్టబెట్టి పరుగెత్తమన్నట్టుండేది నా బతుకు. ఎటు కదిలినా కాళ్లకి అడ్డం. విప్పుదామంటే ఆ ముడి నేను వేసింది కాదు.

తొమ్మిదో తరగతిలో బోర్డు పరీక్షకి పేర్లు పంపే రోజులొచ్చాయి. పెద్ద బెహన్‌జీ నన్ను గదిలోకి పిలిచి, ఇంత పొడుగు పేరు ఎక్కడా పట్టదు, లక్ష్మీ కుమారి అని పంపేస్తాను అంది. అప్పటికి మాది బీహారే. ఆడపిల్ల పేరు చివర కుమారి తగిలించడం అక్కడ మామూలు. ఒకసారి పంపాక ఇక బతికినన్నాళ్లూ అదే పేరు, అందుకని ఇంట్లో పెద్దవాళ్లు వచ్చి ఒప్పుకోవాలి అని కూడా అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. లక్ష్మీ కుమారి! ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారి పొడుగునా నాలో నేనే దాన్ని పిలుచుకుని, నేనే పలికాను.

నాన్నకి ఆ వారం పొద్దుటి షిఫ్టు. అమ్మే వచ్చింది. హిందీ మాటలు నాలుగు కంటే ఎక్కువ రాని మనిషి, ఉతికిన చీర కట్టుకుని, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఆ గదిలో కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది. మూలన బల్ల దగ్గర గుమాస్తా ఉన్నాడు. పెద్ద బెహన్‌జీ ముందు పద్ధతిగా అడిగింది: "బచ్చీ కా పూరా నామ్ బోలియే."

బిడ్డ పూర్తి పేరు చెప్పమంటోంది. అమ్మ నేలచూపులు చూసింది. పెద్ద బెహన్‌జీ ఇంకోసారి అడిగింది. అమ్మ పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. గుమాస్తా చిన్నగా నవ్వాడు, కన్నతల్లికే నోరు తిరగని పేరు అనుకున్నాడో, కూతురి పేరే తెలియని మొద్దు అనుకున్నాడో. నేను నోరు తెరవబోతే పెద్ద బెహన్‌జీ చెయ్యెత్తి ఆపేసింది, పెద్దవాళ్లే చెప్పాలట. నోరు తెరిచి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. ఆ పేరు చెబితే రైలుబండి నన్ను జీవితాంతం వదలదు. చెప్పకపోతే మా అమ్మ ఆ నవ్వు ముందు అలాగే నిలబడాలి. తలుపు తీసే ఉంది, బయట పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది, నాకు మాత్రం ఊపిరాడలేదు.

"లక్ష్మీ కుమారీ లిఖ్ దూఁ?" అంది పెద్ద బెహన్‌జీ, అలాగే రాసేయనా అని, ఇక విసుగొచ్చి.

అమ్మ తలూపితే చాలు. ఆచారం దక్కుతుంది, నా కోరికా తీరుతుంది. అమ్మ తలూపలేదు. కొంగు తల మీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి, రెండు చెంపలూ వేసుకుని, నా పేరు మొత్తం చెప్పింది. సన్నగా, వణుకుతూ. వినపడలేదన్నారు. ఈసారి ఇటు తిరిగి, గుమాస్తా మొహంలోకి చూస్తూ గట్టిగా చెప్పింది. పుట్టిన పద్నాలుగేళ్లకి అమ్మ నోట నా పేరు వినడం అదే మొదలు. లక్ష్మీ కుమారి చేజారిపోయిందని ఏడుపొచ్చింది, అమ్మని చూస్తే ఇంకో రకం ఏడుపొచ్చింది. రెండూ కలిసే ఏడ్చాను.

అమ్మతో ఇంటిదారి పట్టాను. అత్తకి ఏం చెప్పాలన్న భయం ఆవిడ నడకలోనే తెలుస్తోంది. మామ్మ అరుగు మీద బచ్చలికూర తరుగుతోంది. అమ్మ చెప్పులైనా విప్పకుండా, "అత్తా, తప్పయిపోనాది. పదిమందిలో నీ పేరు అనీసినాను" అంది.

మామ్మ కత్తిపీట పక్కకి వాల్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత, "ఏటన్నావో మళ్లీ అను" అంది. అమ్మ మొహం పాలిపోయింది. "కోపం కాదే పిచ్చిదానా. మా అమ్మా అయ్యా పోయినాక ఆ పేరు ఎవులు పిలిసినారని? అందరికీ నాను అత్తనే, అమ్మనే, మామ్మనే. ఓపాలి అను, ఇంటాను."

అమ్మకి మామ్మ మొహం చూసి అనడం చేతకాలేదు. నా వైపు తిరిగింది. "అప్పలనరసమ్మా, కాసిన్ని మంచినీళ్లు తే" అంది.

'ఆఁ' అన్నాను. సరిగ్గా అప్పుడే అరుగు మీద నుంచి మామ్మ కూడా 'ఆఁ' అంది.

ఆ తర్వాత రైలుబండి ఆగిందేమీ లేదు. మా ఊళ్లోనే బిష్టుపూర్‌లో ఆఫీసు ఉద్యోగం చేసిన రోజుల్లో విదేశాల నుంచి వచ్చిన ఇంజనీర్లు, నిన్ను 'ఆపిల్' అని పిలవవచ్చా అని మర్యాదగానే అడిగేవారు. కుదరదని నేనూ మర్యాదగానే చెప్పి, నిదానంగా మళ్లీ పలికి వినిపించేదాన్ని. ఇప్పటికీ కంప్యూటర్ల గడుల్లో నా పేరు సగంలో తెగిపోతుంది. కౌంటర్ దగ్గర నిలబడి మిగతా సగం నోటితో చెబుతాను. ఒక్కోసారి ఇంకా ఊపిరాడనట్టే ఉంటుంది, అబద్ధమెందుకు.

కానీ ఎవరైనా తడబడకుండా ఆ పేరు మొత్తం పలికి పిలిచారా, వెంటనే పలకను. ఒక్క క్షణం ఆగుతాను. ముందు మా మామ్మ పలకాలి కదా.