కంచె దగ్గర నేర్చుకున్న భోజనం

మా సారు పోయారు. మంగళవారం పొద్దున హైమ్ నుంచి నర్సు ఫోన్ చేసి చెప్పింది. ముసలివాళ్ళను చూసుకునే చోటును ఇక్కడ తెలుగువాళ్ళమంతా హైమ్ అనే అంటాం. అప్పుడు నేను వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉన్నాను. స్క్రీన్ మీద ఎవరో నన్నేదో అడుగుతున్నారు. ఒక్క నిమిషం అని చెప్పి మైకు ఆపేశాను. మళ్ళీ ఆ మీటింగుకి వెళ్ళలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది తెనాలి, నాది కరీంనగర్. ఆయన యాభై ఏళ్ళ కిందట జర్మనీలో ఈ స్టుట్‌గార్ట్ వచ్చి, కార్లలో వైర్ల కట్టలు తయారుచేసే కంపెనీలో చేరి, అందులోనే తల పండించుకున్నారు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. రిటైరైనా కంపెనీ వదల్లేదు. కొత్తవాళ్ళకి పని నేర్పమని పిలిచేది. అలా పిలిచినప్పుడే నేను దొరికాను. చేరిన రెండో రోజు నిలబడే శాండ్‌విచ్ మింగుతుంటే వెనక నుంచి తెలుగులో వినిపించింది: "ఏవిటమ్మాయ్, రైలు వెళ్ళిపోతోందా?"

పొలమారింది. ఆయనే నీళ్ళిచ్చి, కుర్చీ లాగి కూర్చోబెట్టారు. "గబగబా తినేవాళ్ళు వైర్లకి టేపు కూడా గబగబా చుడతారు. రెండూ ఊడిపోతాయి" అన్నారు. నాకు ముక్కు మీద కోపం. ఇంకెవరైనా అనుంటే నాలుగు తగిలించేదాన్నే. ఆయన కోటు జేబులోంచి చిన్న డబ్బా తీసి, బ్రెట్జెల్ అనే ఇక్కడి ఉప్పు రొట్టె మీద కందిపొడి చల్లి నా ముందు పెట్టారు. ఇంకేమంటాను!

ఆయన గురించి రాయాలంటే నొగాలెస్ గురించి చెప్పాలి. కరోనాకి రెండేళ్ళ ముందు కంపెనీ మమ్మల్నిద్దర్నీ మూడు వారాలు అక్కడికి పంపింది. మెక్సికోలో, అమెరికా సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. కంచెకి అవతల కూడా ఊరే, దాని పేరూ అదే. గుట్టలెక్కుతూ దిగుతూ ఊరి మధ్య నుంచి పోయే ఇనప కమ్మీల కంచె. ఫ్యాక్టరీలో లుపిత అని ఒక లైన్ లీడర్ ఉండేది. చేతులు పాదరసం. సారు ఆమెకి నేర్పడానికి వెళ్ళి, రెండో రోజుకల్లా ఆమె దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆమె తెచ్చిన పల్చటి గోధుమ రొట్టెలు చూసి, "మన పుల్కాకి పెద్దక్కలా ఉందే" అని మురిసిపోయారు. ఆమె శనగ గింజంత ఎర్ర మిరపకాయ నలిపి ఇచ్చింది. ఈయన కందిపొడి ఇచ్చారు. ఇద్దరికీ కళ్ళ వెంట నీళ్ళు, ఇద్దరూ బావుందంటే బావుందని తలలూపడం!

ఆదివారం లుపిత మమ్మల్ని కంచె దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె అక్క అవతల ఉంటుంది. కాగితాల్లేవు. ఇటు వస్తే మళ్ళీ అటు పోలేదు. అందుకని అక్కచెల్లెళ్ళిద్దరూ ఆదివారం మధ్యాహ్నం ఒకే వంట వండుకుని, కంచెకి అటొకరూ ఇటొకరూ మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. కమ్మీల మీద ఇనప వల. చిటికెన వేలు కొస మాత్రం పడుతుంది, దాన్నే ఒకరికొకరు తాకించుకుంటారు. గిన్నెల మూతలు ఒకేసారి తీయాలని వాళ్ళ నియమం. ఇటు నుంచి చెల్లెలు ఒకటి, రెండు అంటుంది. అటు నుంచి అక్క మూడు అంటుంది. అప్పుడు మూతలు తీస్తారు. అక్క మూడు అనకముందు తింటే అది ఒంటరి తిండి అవుతుందట.

మా సారు ఆ రోజు రొట్టె తుంచి చేతిలో పట్టుకునే ఉండిపోయారు. తిరిగొచ్చేటప్పుడు, "ఎదురుగా మనిషి ఉంటేనే భోజనం అమ్మాయ్. లేకపోతే మందు మింగినట్టే" అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఒంటరిగా తింటున్న మనిషి. నాకప్పుడు ఆ సంగతి తట్టలేదు. ఆకలేస్తోంది, త్వరగా నడవండి సార్ అన్నాను.

తర్వాత ఆయనకి మోకాళ్ళు పోయి హైమ్‌లో చేరారు. ఆ వెంటనే కరోనా. తలుపులు మూసేశారు, లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. ఆయన గది కింది అంతస్తులో, కిటికీ తోట వైపు. ఒకరోజు ఫోన్‌లో, "లుపిత పద్ధతి గుర్తుందా అమ్మాయ్?" అని అడిగారు. అంతే! శనివారం వండి డబ్బా గేటు దగ్గర ఇచ్చేదాన్ని. ఆదివారం ఒంటిగంటకి అదే వంట నా డబ్బాలో పెట్టుకుని, ఎస్-బాన్ రైల్లో వెళ్ళి, తోటలో మడత కుర్చీ వేసుకునేదాన్ని. అద్దానికి అవతల ఆయన, ఇవతల నేను, చెవుల దగ్గర ఫోన్లు. ఒకటి, రెండు నేను. మూడు ఆయన. పప్పుచారు, దొండకాయ వేపుడు, ఒకసారి సర్వపిండి. "ఇదేం పిండమ్మా, పళ్ళకి పరీక్షా?" అని వెక్కిరించారు. వాన పడితే గొడుగు పట్టుకుని తిన్నాను. మీలో ఎవరైనా ఆ రోజుల్లో అటు నడిచి వెళ్ళుంటే, పిచ్చిదనే అనుకునుంటారు.

ఇక చెప్పాల్సింది చెప్పేస్తాను. చలి మొదలైన ఒక ఆదివారం, ఎండ ఏటవాలుగా పడి ఆయన చేతిలో డబ్బా అడుగు తళుక్కుమంది. ఖాళీ డబ్బా! చెంచా ముంచుతున్నారు, నోట్లో పెట్టుకుంటున్నారు, నములుతున్నారు. అందులో ఏమీ లేదు.

"సార్, గా డబ్బా ఖాళీ కదా?"

"తింటున్నాగా తల్లీ."

"ఏం తింటున్రు? నన్ను ఎడ్డిదాన్ని జేస్తున్రా? నిన్న పొద్దంత నిలవడి వండిన. నచ్చకుంటే నచ్చలేదని జెప్పుండ్రి!"

"నువ్వు తింటుంటే నాకు కడుపు నిండుతోందమ్మాయ్. ఒట్టు."

"ఈ తియ్యటి మాటలు నాకొద్దు. ఇగ నేను రాను పోండ్రి."

ఫోన్ కట్ చేశాను. ఆయన అద్దం మీద చిటికెన వేలు పెట్టారు. చూశాను. చూసి కూడా కుర్చీ మడిచి వచ్చేశాను.

తర్వాతి శనివారం వండలేదు. ఆదివారం వెళ్ళలేదు. ఒక వారం అలిగితే దిగొస్తారని అనుకున్నాను, అంతే. ఆయనా ఫోన్ చేయలేదు. మంగళవారం నర్సు చేసింది.

సామాను తీసుకోవడానికి గేటు దగ్గరికి వెళ్తే, మాస్కు పైన ఎర్రబడ్డ కళ్ళతో ఆ నర్సే వచ్చింది. నెలన్నరగా ఆయనకి ముద్ద గొంతు దిగడం లేదట, చిక్కటి ద్రవం మాత్రమే ఇస్తున్నారట. నా వంట ప్రతి శనివారం డ్యూటీలో ఉన్నవాళ్ళకి పంచి, డబ్బా కడిగించి ఉంచుకునేవారట. నాకు చెప్పొద్దని మాట తీసుకున్నారట. "తెలిస్తే ఆ అమ్మాయి వండటం మానేస్తుంది. వండటం మానేస్తే ఇక్కడికి రావడానికి ఏం సాకు ఉంటుంది?" అన్నారట.

సాకు ఎందుకు సార్? ఉత్త చేతులతో రానా నేను? ఆ మాట నన్నే అడగొచ్చు కదా! అడగనిచ్చానా మరి. నా నోరు పడిపోను.

ఇంకొకటి కూడా చెప్పింది. ఆ చివరి ఆదివారం ఒంటిగంటకి కిటికీ దగ్గర కూర్చున్నారట. ఒళ్ళో డబ్బా, చేతిలో ఫోను. చీకటి పడేదాకా అక్కడే. మంచం మీదకి మారుస్తామని వచ్చి ఆమె డబ్బా తీసుకోబోతే, మూత మీద నుంచి చెయ్యి తీయలేదట. "ఇంకా రెండు అవలేదు" అన్నారట. గంట నాలుగున్నర దాటింది కదా, మతి తప్పిందేమో అనుకుందట పాపం. ఆయనకేం మతి తప్పలేదని, నేను అనాల్సిన రెండు కోసం చూశారని చెప్పబోయాను. గేటు పట్టుకుని గట్టిగా ఏడ్చాను.

దహనానికి పదిమందినే రానిచ్చారు. వచ్చినవాళ్ళం పదిమందిమి కూడా లేము. లుపితకి కబురు పెట్టాను. ఆ తర్వాత వచ్చిన ఆదివారం కంచె దగ్గర అక్కచెల్లెళ్ళిద్దరూ రొట్టె మీద కందిపొడి వేసుకుని తిన్నామని రాసింది. ఆయన ఇచ్చిన పొడి ఇన్నాళ్ళూ దాచుకుందట.

ఆ డబ్బా నా బల్ల మీద ఉంది. నిన్న ఆదివారం పప్పుచారు కాచాను. నా గిన్నె ఇటు, ఆయన డబ్బా అటు, ఎదురుగా ఖాళీ కుర్చీ. ఒంటిగంటకి మూత మీద చెయ్యి వేసి ఒకటి అన్నాను, రెండు అన్నాను. పప్పుచారు చల్లారిపోయింది. మూతలు రెండూ అలాగే ఉన్నాయి.