రెండు సీట్ల కారులో సారె

అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టు వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఇప్పటికే నవ్వుతుంటారు, నవ్వనివ్వండి. పోయిన వారం ఆళ్ళగడ్డలో మా బావమరిది కూతుర్ని అత్తవారింటికి పంపారు. వాకిట్లో పూలు కట్టిన తెల్ల కారు ఆగింది, పిల్లా పిల్లవాడూ ఎక్కారు, తోడు వెళ్ళే ముసలామె ఎక్కింది, సారె బుట్టలు డిక్కీలో సర్దారు, కళ్ళు తుడుచుకునే లోపల కారు మలుపు తిరిగింది. అది ఎవరి కారని ఒక్కరూ అడగలేదు. నాకు మాత్రం అక్కడ నిలబడే ముప్ఫై ఏళ్ళ కిందటి చెమటలు మళ్ళీ పట్టాయి.

మన ఈడువాళ్ళకు వేరే చెప్పాలా, యాభైయారులో మా నంద్యాల మొత్తం వెతికినా కార్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. అలాంటి రోజుల్లో ఆళ్ళగడ్డకు పెళ్ళిచూపులకు పోయి, ఎవరూ అడక్కుండానే, మాకు కారుందని చెప్పేశాను. తలుపు సందులోంచి పిల్ల చూస్తోంది, అంతకు మించి కారణమేమీ లేదు. పెళ్ళయింది. మా మామ మాత్రం ఆ కారు వాకిట్లోకి వస్తేగానీ కూతుర్ని కాపురానికి పంపనని కూర్చున్నాడు. రిపేరులో ఉందని ఒక నెల, డ్రైవరుకు జ్వరమని ఇంకో నెల నెట్టుకొచ్చాక, మామ సంతకు వచ్చిన మనిషితో కబురు చేశాడు: "యాడుందప్పా నీ కారు? మూఢం వచ్చేలోగా దాంట్లో వచ్చి పిల్లను తీసుకపో. లేదా, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తెంపుకుందాం. అబద్ధాల మనిషికి పిల్లనిచ్చి నేను నలుగుర్లో తిరగలేను."

మూఢంలో కొత్తకోడలు పుట్టింటి గడప దాటకూడదు గదా. పంచాంగం తీసి చూస్తే మిగిలింది నాలుగు రోజులు. అన్నం నోట్లోకి పోలేదు. నేను ఇంకా పట్టుమని పది మాటలు మాట్లాడని ఆ పిల్ల, ఊరంతా నన్ను తిడుతుంటే ఏ మూల కూర్చుని వింటోందో అని తలుచుకుని, తెల్లారగానే కారు వేటలో పడ్డాను.

బేతంచెర్లలో నాపరాళ్ళ వ్యాపారం చేసే మా మేనమామ దగ్గర ఒక ఎర్ర కారుండేది. ఎవరో దొర పందేలకు తోలి, స్వదేశం పోతూ వదిలేసిన రెండు సీట్ల కారు. పైకప్పు లేదు, నేలకు జానెడు ఎత్తు. మేనమామ దాని వెనక రాళ్ళు వేసుకుని ఊళ్ళు తిరిగేసరికి ముక్కు పైకి, నడుము కిందికి అయింది. మీటరులో అంకెలన్నీ తిరిగీ తిరిగీ అయిపోయి మళ్ళీ సున్నా నుంచి మొదలైతే, దాన్ని చూపించి, "సూడప్పా, ఇంకా నడిచిందే లేదు, కొత్తది!" అన్నాడు. తెలిసీ తలూపాను. నా కాడెద్దుల జతను ఆయనకిచ్చి కారు తెచ్చుకుంటే, మా నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "బాగుంది నాయనా, దీనికి మడక కట్టి దున్నుతావా?" అని లోపలికి పోయాడు.

మూఢానికి ముందురోజు పొద్దున్నే బయల్దేరాను. దారిపొడుగునా అది తాగిన నీళ్ళు మా ఎద్దులు కూడా తాగి ఉండవు. ఎలాగో పొద్దు వాలేసరికి ఆళ్ళగడ్డ వీధిలో ఆపితే, జనం మూగారు. మా మామ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏందప్పా ఇది? పిల్ల యాడ కూచుంటాది?"

"నా పక్కన, మామా."

"మరి అవ్వ?"

అప్పుడు తెలిసింది నేను చేసిన తప్పు. కారు, కారు అని నాలుగు రోజులు తపించానే గానీ, కొత్తకోడలు ఒంటరిగా రాదనీ, తోడుగా వాళ్ళ అవ్వ వస్తుందనీ, అరిసెల బుట్టలూ ఇత్తడి బిందెలూ సారెగా వస్తాయనీ ఒక్క క్షణమైనా తోచలేదు. అవ్వ లేకుండా, సారె లేకుండా పిల్ల కదలదన్నాడు మామ. పొద్దు దిగిపోతోంది. నేను స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. అప్పుడు ఆ పిల్లే గడప దాటి వచ్చి, "నాయనా, అవ్వనూ సారెనూ దాంట్లో పంపు. నేను నీతో బస్సులో వస్తా," అంది. అలా, ఎనభై ఏళ్ళ అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, ఒళ్ళో అరిసెల బుట్టతో, కొంగు జెండాలా ఎగురుతుంటే, నంద్యాల బజారులోకి వచ్చాను. పెళ్ళికూతురు కాస్త ముదిరిందే అని బజారంతా నవ్వింది.

ముప్ఫై ఏళ్ళుగా ఇంటిల్లిపాదికీ ఇదే చెబుతున్నాను. ఇక ఒప్పుకుంటాను: ఆ కారు ఆళ్ళగడ్డ చేరలేదు. శిరివెళ్ళ దాటకముందే పొగ కక్కి, ఇంజను బిగుసుకుపోయి ఆగిపోయింది. అవ్వ, అరిసెలు, బజారు నవ్వులు, అంతా నేనల్లిందే. ఎండలో నడిచిపోయి, నూనె చేతులతో మామ వాకిట్లో నిలబడి, మాకు ఏనాడూ కారు లేదని, ఎద్దులిచ్చి తెచ్చిన కారు దారిలో చచ్చిందని చెప్పి ఏడ్చాను. లోపలినుంచి ఆ పిల్లే బట్టల మూటతో వచ్చి, "నాయనా, బండి కట్టించు," అంది. ఆ ఒక్క మాటే.

నేను ఈ కట్టుకథ చెప్పిన ప్రతిసారీ ఆమె పక్కనే ఉంటుంది, ఒక్కసారీ కాదనలేదు. ఎందుకని ఒకనాడు అడిగాను. "ఆ పొద్దు అందరి ముందర నిజం చెప్పినావు గదా. నాకు సాలు," అంది. ఇప్పుడు అడిగితే చాలు, అద్దెకైనా కారు దొరుకుతుంది, ఆ దారి గంటలో తెగిపోతుంది. ఆనాడు శిరివెళ్ళ నుంచి నడిచిన దూరం మాత్రం ఇంకెవరికీ నడవాల్సిన పని పడదేమోనని, ఎందుకో, కొంచెం దిగులుగానే ఉంది.