వీపు మీద సుద్దగీత

నా చిన్నప్పుడు మా కొండల్లో సుద్ద ప్రతి ఇంట్లోనూ ఉండేది. బొర్రా గుహల దిగువన వాగు గట్టు తవ్వితే తెల్లటి గడ్డలు దొరికేవి. గోరుతో గీస్తే పొడి రాలేంత మెత్తన. ఎర్రమట్టి గోడలకి తెల్ల పట్టీలు దానితోనే వేసేవాళ్ళం. గొడ్డలి పిడి చెమటకి జారకుండా మగవాళ్ళు ఆ పొడినే అరచేతులకి రాసుకునేవారు. అలాంటి సుద్దను చూస్తేనే భయపడేలా చేసినవాడు ఘాట్ రోడ్డు మేస్త్రీ.

ఆ రోడ్డు పనికి ఇంటికొక మనిషి వెట్టికి పోవాలి. పగలగొట్టాల్సిన బండల మీద మేస్త్రీ సుద్దముక్కతో గుర్తు పెట్టేవాడు. అదే ముక్కతో, పనిలో వెనకబడ్డవాళ్ళ వీపు మీద అడ్డంగా గీత గీసేవాడు. పొద్దువాలే వేళకి గీత ఉన్నవాళ్ళని బయటికి పిలిచి, జవానుచేత చింతబరికెతో తలా పది దెబ్బలు కొట్టించేవాడు. పేర్లు అడిగేవాడు కాదు. మాకు పేర్లుంటాయని అతనికి ఎప్పుడైనా తోచిందో లేదో.

ఒక మధ్యాహ్నం మా అయ్యకి అంబలి పట్టుకెళ్ళాను. జ్వరంతో సుత్తి ఎత్తలేక కూలబడి ఉన్నాడు. నల్లటి వీపు మీద తెల్లటి గీత. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఎవరూ చూడకుండా ఆనపబుర్రతో వాగునీళ్ళు తెచ్చి పోశాను. రుద్దితే పాత దెబ్బలు మండుతాయని రుద్దలేదు. గీత మాయమైంది. ఎంత పొంగిపోయానో! సుద్ద నీళ్ళలో కరగదనీ, తడిసినంతసేపే కనబడకుండా ఉంటుందనీ నాకేం తెలుసు? ఎండకి వీపు ఆరేసరికి గీత మళ్ళీ తేలింది, అలుక్కుపోయి, మునుపటికంటే తెల్లగా.

"ఎవర్రా దీన్ని సెరిపింది?" అన్నాడు మేస్త్రీ.

అయ్య నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "నేనే బాబూ" అన్నాడు.

ఇరవై దెబ్బలు. ఆరో దెబ్బకి చర్మం చిట్లింది. పన్నెండో దెబ్బకి మోకాళ్ళ మీద పడ్డాడు. పడ్డాక కూడా బరికె ఆగలేదు. సుద్దా నెత్తురూ కలిసి బురదలా నడుముదాకా కారింది.

ఇంటికొచ్చాక మా మేనత్త పసుపు నూరి దెబ్బలకి పెడుతుంటే, జరిగిందంతా ఏడుస్తూ చెప్పేశాను. నన్ను కొడుతుందనుకున్నాను.

"నువ్వేటి సేత్తావే గుంటా! సెరపాలని సూసావు. అది సెరపడానికి లొంగదే. పద, బేగి ఆ సుద్దగడ్డలట్టుకురా" అంది. గోడలకని దాచిన గడ్డలన్నీ రోట్లో వేసి మెత్తగా దంచింది. తెల్లారాక ఆ పొడిని కొంగున మూటకట్టుకుని, అయ్యకి బదులు తనే పనికి బయల్దేరింది. నేనూ వెంట నడిచాను.

ఆరోజు మేస్త్రీ ముగ్గురికే గీత గీశాడు. సాయంత్రం గీతలున్నవాళ్ళని రమ్మంటే పనివాళ్ళంతా కదిలి వచ్చారు. ఆడా మగా అరవైమంది దాకా ఉంటారు. అత్త పంచిన పొడితో ఒకరి వీపు మీద ఒకరు గీతలు గీసుకున్నారు. తను గీసినవి ఏవో మేస్త్రీకి తెలియలేదు.

"ఎవరు సేసారీ పని?"

అత్త ముందుకొచ్చింది. "అందరం ఎనకబడ్డాం బాబూ. అందర్నీ కొట్టు."

మేస్త్రీ జవాను చేతిలోంచి బరికె లాక్కుని తనే కొట్టాడు. మొహం మీదికొచ్చిన దెబ్బకి అత్త చెయ్యి అడ్డం పెట్టింది. రెండు వేళ్ళు విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆమె కిందపడగానే ఒక ముసలాయన ఎవరూ పిలవకుండానే వచ్చి వీపు తిప్పి నిలబడ్డాడు. అతని తర్వాత ఇంకొకామె. ఏడో మనిషి దగ్గర బరికె విరిగింది. ఇంకోటి తెమ్మన్నాడు. జవాను కదలలేదు. ఎదురుగా ఇంకా యాభైమందికి పైగా, చేతుల్లో సుత్తులతో నిలబడి ఉన్నారు. మేస్త్రీ వాళ్ళని చూసి, విరిగిన ముక్క పారేసి, తన డేరాలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వీపుల మీద గీతలు లేవు. వెట్టి మాత్రం పోలేదు, తిట్లూ పోలేదు. అత్త రెండు వేళ్ళూ మరి వంగలేదు. పెద్దయ్యాక ఒకసారి అడిగాను, ఆరోజు భయమెయ్యలేదా అని. "బయమెయ్యకేటి? మీ అయ్య వొక్కడూ నిలబడ్డప్పుడు అంతకన్నా ఎక్కువేసింది" అంది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. సంతలోనో సభలోనో ఎవరినైనా ఒంటరిగా నిలబెట్టి నిలదీస్తుంటే, నొప్పులున్న ఈ మోకాళ్ళు వాటంతటవే లేస్తాయి. వెళ్ళి ఆ మనిషి పక్కన నిలబడతాను. ఏం మాట్లాడాలో చాలాసార్లు తెలియదు. ఊరికే నిలబడతాను, అంతే.