ఛార్జరు పిడి నా జేబులో

ఎనభైల మొదట్లో నన్ను చిత్తూరులో ఒక ప్రైవేటు బస్సుల కంపెనీ వర్క్‌షాపుకు ఎలక్ట్రికల్ ఛార్జిమన్‌గా వేశారు. ఛార్జిమన్ అంటే ఎలక్ట్రీషియన్లకు పైన, సూపరింటెండెంటుకు కింద. రెండు వైపులా తిట్లు తినే ఉద్యోగం. బ్యాటరీ గది నా అజమాయిషీలో ఉండేది. అక్కడ పనిచేసే మునిరత్నం ఆ యాసిడ్ వాసనలోనే తల నెరిసిన మనిషి.

మా షెడ్డులో ఒక నమ్మకం పాతుకుపోయి ఉండేది. బ్యాటరీలో నీళ్లు ఉడికినట్టు బుడగలు లేస్తేనే ఛార్జి ఎక్కినట్టు లెక్క. పాత ఛార్జరుకు ఎప్పుడు ఆపాలో తెలియదు, మనిషే చూసుకోవాలి. దాని స్థానంలో ఆటోమేటిక్ ఛార్జరు వచ్చింది. ముందువైపు ఒక పిడి, దానికి మూడు స్థానాలు. 'బూస్ట్'లో పెడితే బ్యాటరీ నిండినా సరే, ఎక్కువ కరెంటు పోతూనే ఉంటుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీకి కాసేపు, అదీ పక్కన మనిషి నిలబడి వాడాలి. 'ఆటో'లో నిండేకొద్దీ కరెంటు తనంతట తానే తగ్గుతుంది. వాడకుండా పక్కన పెట్టిన బ్యాటరీలు దిగిపోకుండా సన్నగా కరెంటు అందించేది 'ట్రికిల్'.

తంటా అంతా 'ఆటో'తోనే వచ్చింది. కరెంటు తగ్గితే మీటరు ముల్లు సున్నా వైపు జారుతుంది కదా, అది చూసి సూపరింటెండెంటు మండిపడ్డాడు. "ఏమయ్యా, ముల్లు పడుకొనేసింది. కొత్త మిషను నిద్రపోతా ఉండాది," అని తనే పిడిని బూస్ట్‌కు తిప్పి, ఇక అక్కడి నుంచి కదల్చవద్దన్నాడు. వద్దని నేను ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. బ్యాటరీలు బుడగలు కక్కుతుంటే షెడ్డంతా సంబరపడింది. కొన్ని వారాలకే ప్లేట్లు వంగాయి, పెట్టెలు ఉబ్బాయి. తిరుపతి బస్సును రోజూ ప్రయాణికులే దిగి తోసేవారు.

నింద మునిరత్నం మీద పడింది. డిస్టిల్డ్ వాటర్ పోయకుండా ఎండగట్టాడనీ, పనిలోంచి తీసేస్తాననీ సూపరింటెండెంటు అందరి ముందూ అరిచాడు.

"పొద్దున పోసిన నీళ్లు మాపటికి ఉండవన్నా. నేనేమన్నా తాగేస్తా ఉండానా?" అని మునిరత్నం నా దగ్గరకొచ్చి అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున ఇంకా పాడుకాని ఒక జత బ్యాటరీలను ఛార్జరుకు తగిలించి, పిడిని 'ఆటో'కు తిప్పాను. స్క్రూ విప్పి పిడిని ఊడదీసి జేబులో వేసుకున్నాను. సూపరింటెండెంటు వచ్చి చెయ్యి చాపాడు.

"పిడి ఈడియ్యి."

"ఇయ్యను సార్. ఈ పొద్దు నీళ్లు మీరే పోయండి. మాపటికి తగ్గితే మునిరత్నంతో పాటు నన్నూ ఇంటికి పంపించండి."

పిడి లేకపోయినా దాని కడ్డీని పట్టుకారుతో తిప్పొచ్చు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ మెకానిక్కులందరూ పని ఆపి చూస్తున్నారు. ఆయన సీసా అందుకుని, ఒక్కొక్క మూత తీసి నీళ్లు తనే పోశాడు. మునిరత్నాన్ని ఆ చుట్టుపక్కలకే రానివ్వలేదు.

సాయంత్రం మూతలు తీస్తే నీళ్లు పోసినంత ఉన్నాయి. ముల్లు సున్నాను ఆనుకుని ఉంది. యాసిడ్ చిక్కదనం కొలిచే గాజుగొట్టం, హైడ్రోమీటరు, పెట్టి చూపించాను. లోపల తేలే బుడ్డి ఫుల్ గీత దగ్గర నిలిచింది. బూస్ట్‌లో నీళ్లు ఆవిరైపోయేవని విడమరిచి చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

ఆయన మళ్లీ చెయ్యి చాపాడు. మునిరత్నం పనిలో ఉంటాడని చెబితేనే ఇస్తానన్నాను. ఆయన "ఉండనీ," అన్నాడు. నేను పిడిని మునిరత్నం చేతిలో పెట్టాను.

అందుకు నన్ను ఏర్పేడు షెడ్డుకు బదిలీ చేశారు. పోయాను. క్షమాపణ అడిగితే ఆపుతామని కబురొచ్చింది, అడగలేదు. మునిరత్నం ఆ గదిలోనే పనిచేసి రిటైరయ్యాడు.

ఆ తర్వాత కూడా పై అధికారులతో నాకు పేచీలు తప్పలేదు. ప్రతిసారీ చిత్తూరు పద్ధతినే పాటించాను. నీళ్లు పై అధికారి చేతే పోయించాలి. పిడి మాత్రం మన జేబులో ఉండాలి.