తట్ట వెనక గంట

ఈ రోజు పొద్దున మా వదిన మీద గట్టిగా అరిచాను. మార్కాపురంలో కాలేజీ గ్రౌండు చుట్టూ నడవడానికి బాట వేసినప్పటి నుంచి మా ఈడు ఆడవాళ్లమంతా తెల్లవారగానే అక్కడ చేరుతున్నాం, కోడళ్ల సంగతులూ మోకాళ్ల నొప్పులూ చెప్పుకుంటూ కొంత నడిచి, మిగతా నడక టీ బంకు దగ్గర కూర్చొని పూర్తి చేస్తుంటాం. మోకాలి ఆపరేషను చేయించుకున్న మా వదిన, అంటే మా అన్న భార్య, నా చెయ్యి పట్టుకొని మెల్లగా నడుస్తుండగా, గేర్ల సైకిలు మీద ఒక కుర్రవాడు వెనక నుంచి సర్రున వచ్చి, మా వీపుల దగ్గర గంట కొట్టి, ఆమె కొంగు రాసుకుంటూ దూసుకుపోయాడు. వదిన ఉలిక్కిపడి తూలి, కంచె కమ్మీ పట్టుకొని పడకుండా నిలబడింది. వాడు వెనక్కి తిరిగి, "బెల్ కొట్టినా గదాంటీ!" అన్నాడు. వదిన, కమ్మీ వదలకుండానే, నవ్వు తెచ్చుకొని, "పర్వాలేదులే నాయనా, మేమే చూసుకోలేదు" అంది.

వాడి మాటకు రాని కోపం నాకు ఆమె మాటకు వచ్చింది. తప్పు నీదెట్లా అయింది, నీకేమన్నా వీపున కళ్లున్నాయా అని నలుగురిలో నిలదీశాను. ఆమె మొహం చిన్నబుచ్చుకొని, కాసేపటికి ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది. పాపం, ఆమెకేం తెలుసు, ఆ మాట నేను చిన్నప్పుడే మా అమ్మ నోట విన్నానని.

ప్రతి పిల్లవాడి సంచిలోనూ ఒక పలక ఉండే రోజుల్లో మా ఊరు ఆ పలకల మీదే బతికింది, నా తోటివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మా అమ్మా, మా మేనత్తా గనుల నుంచి రాతి తట్టలు నెత్తిన పెట్టుకొని పలకలు కోసే షెడ్డుకు మోసేవాళ్లు. మేనత్త అంటే మా నాయన చెల్లెలు. మా ఇంట్లోనే ఉండేది, అప్పటికే కొమరోలు సంబంధం ఖాయమై, చీరల గురించి అమ్మతో రోజూ వాదులాడుతుండేది. గనులకూ షెడ్డుకూ మధ్య దోవ ఒకటే, అదీ సన్నటిది, ఒక పక్క రాతి పొట్టు దిబ్బలు, ఇంకో పక్క తవ్వి వదిలేసిన గుంతలు. తట్టల ఆడవాళ్లూ, సైకిళ్ల మగవాళ్లూ అందరూ అందులోనే పోవాలి.

ఆ దోవకు ఒక కట్టుబాటు ఉండేది. తట్ట వెనక గంట కొట్టకూడదు. నెత్తిన రాయి ఉన్న మనిషి మెడ తిప్పకూడదు కదా, వెనక గంట మోగితే తనకు తెలియకుండానే తల తిరుగుతుంది, తలతో పాటు తట్టా తిరుగుతుంది. అందుకని సైకిలు మీద వచ్చేవాడు దూరం నుంచే వరస పెట్టి, అక్కా, పిన్నీ అని పిలవాలి. ఆమె వెనక్కి చూడకుండానే ఒక చెయ్యి పైకెత్తుతుంది. అప్పుడు అతను దిగి, సైకిలు నడిపించుకుంటూ ఆమెను దాటి, మళ్లీ ఎక్కుతాడు. త్రిపురాంతకం నుంచి కొత్తగా పనికి వచ్చినవాడు తెలియక గంట కొడితే, మొదటి రోజే ఎవరో ఒకరు నాలుగు తిట్టి నేర్పేవాళ్లు. సాటివాళ్లను తిట్టడానికి మావాళ్లకు నోరు బాగానే లేచేది.

ఆ ఏడు షెడ్డుకు ఒంగోలు వైపు నుంచి కొత్త గుమాస్తా వచ్చాడు. తెల్ల చొక్కా, కొత్త సైకిలు, దానికి తళతళలాడే గంట. చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆయన మర్యాదస్తుడు, ముందు నడిచేవాళ్లకు గంట కొట్టి చెప్పడమే మర్యాద అని వాళ్ల ఊళ్లో నేర్చుకున్నవాడు. ఒకనాడు మా అమ్మ వెనక అట్లాగే కొట్టాడు, ఆమె పక్కకు జరగకపోయేసరికి ఇంకా దగ్గరికి వచ్చి మళ్లీ కొట్టాడు. అమ్మ తల వెనక్కి తిరిగింది, తట్ట జారింది, ఆమె చెయ్యి రాళ్ల కింద పడింది. ఆయన కంగారుగా దిగి, గంట కొట్టాను కదమ్మా అన్నాడు. "పర్వాల్యాదు సామీ, నేనే చూసుకోల్యా" అంది మా అమ్మ. చుట్టూ ఉన్నవాళ్లకు అందరికీ దోవ సంగతి తెలుసు, ఒక్కరూ నోరు మెదపలేదు.

కట్టు కట్టే ముసలాయన దగ్గర కట్టించినా మణికట్టు వంకరగానే అతుక్కుంది. నాయన అగ్గి మీద గుగ్గిలమై, పోయి ఆ మనిషికి దోవ సంగతి చెప్పి వస్తానని లేచాడు. అమ్మే అడ్డం పడింది. "పెద్దోళ్లకు మనం చెప్తే ఏం బాగుంటాది? పని ల్యాకుండా చేస్తే ఏం తింటాం?" అంది. ఎంత ఓర్పుగల మనిషని వీధి వీధంతా మెచ్చుకుంది. ఆ మెప్పు మా అమ్మకు నచ్చిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

ఎండలు ముదిరేలోగా ఆ గంట మా మేనత్త వెనక మోగింది. ఆమె తట్టతో సహా గుంతలోకి పడింది, తుంటి విరిగింది. మంచం మీద నుంచి లేచేనాటికి కాలు ఈడుస్తూ నడవడం తప్ప ఇంకేమీ మిగల్లేదు, కొమరోలు వాళ్లు మధ్యవర్తితో చల్లగా కబురు పంపారు, సంబంధం అక్కడితో తెగిపోయింది.

అప్పుడు పోయింది మా అమ్మ గుమాస్తా గదికి, నన్ను వెంటబెట్టుకొని. గడప అవతలే నిలబడి, వంకర చెయ్యి కొంగు కింద దాచుకొని, సామీ సామీ అంటూనే దోవ కట్టుబాటంతా చెప్పింది. ఆయన విని తల పట్టుకున్నాడు. "అయ్యో, ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది కదమ్మా" అన్నాడు. మరునాడు ఆయన సైకిలుకు గంట లేదు. ఆయన్ని కడుపారా తిట్టుకునే వీలు కూడా మాకు లేకుండా పోయింది.

మేనత్త మా ఇంట్లోనే ముసలిదైంది. అమ్మను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఒకరి ఎదురుగా ఒకరు కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, ఆ సంగతి తప్ప లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్లు. అమ్మ పోయిన రోజు చూడవచ్చిన వాళ్లందరితో మేనత్త ఒకటే చెప్పింది, "మా వదిన శానా మంచిది, ఎవురినీ ఒక్క మాట అన్ల్యా" అని. అందరూ అవునవునన్నారు. నేను మాత్రం ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

ఇప్పుడు పిల్లల చేతుల్లో పలకలు లేవు, గనుల దోవలో లారీలు తిరుగుతున్నాయి, తట్టల వాళ్లూ, దూరం నుంచి వరస పెట్టి పిలిచేవాళ్లూ, తిట్టి నేర్పేవాళ్లూ కాలం చేశారు. ఈ కుర్రవాడూ ఏమంత చెడ్డవాడై ఉండడు, ముసలి మోకాళ్ల వెనక గంట కొట్టకూడదని ఎవరు చెప్పారు గనక వాడికి? దగ్గరికి పిలిచి, కోపం లేకుండా, నాయనా, కాస్త దూరం నుంచే పిలువు, మెల్లగా దాటు అంటే ఎంత సేపటి పని! వదిన ఆటో ఎక్కి వెళ్లిపోయాక నేను ఒక్కదాన్నే నడుస్తుంటే వాడు చుట్టు తిరిగి మళ్లీ వచ్చి, నా వెనక గంట కొట్టాడు. నేను పక్కకు తప్పుకొని దారి ఇచ్చాను.