మేనేజర్‌గారి అమ్మకు టీ పోసిన వైనం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడూ పెద్దగా లేదనుకోండి, కాకపోతే నోరు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగడం నేర్చుకున్నాను. (మా ఆయన ఈ మాట ఒప్పుకోరు. ఆయన్ని ఎవరడిగారు?) కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో నాది కాంట్రాక్ట్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పర్మనెంట్ చేయాలా, మూటాముల్లె సర్దించాలా అన్నది ఆ వారంలోనే మా చైనా మేనేజర్ తేల్చాలి. నా వీసా ఆ ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతోంది. సరిగ్గా అప్పుడే ఆయన టీమ్ అందరినీ ఓ ఖరీదైన రెస్టారెంట్‌కి డిమ్ సమ్ అనే చైనా కుడుములు తినడానికి పిలిచాడు. చైనా నుంచి వచ్చిన వాళ్ళమ్మని కూడా తీసుకొస్తున్నానన్నాడు.

మా టీమ్‌లో ఇంకో తెలుగాయన ఉండేవారు. అడిగినా అడక్కపోయినా అందరికీ వీసా సలహాలు చెబుతారు కాబట్టి ఆయనకి వీసా శాస్త్రిగారని పేరు పెట్టాను. నన్ను కారెక్కించుకోగానే మొదలుపెట్టారు. "చూడమ్మా, ఇవాళ ఆ పెద్దావిడని బాగా చూసుకో. తల్లి మెచ్చితే కొడుకు ఓకే చేస్తాడు. ఒక్కటే గుర్తుపెట్టుకో, ఎవరితోనూ ఆర్గ్యూ చేయకు." నేనెప్పుడు ఆర్గ్యూ చేశానండీ అని అడిగి, రెస్టారెంట్ వచ్చేదాకా అదే విషయం మీద ఆయనతో ఆర్గ్యూ చేశాను.

లోపల తెల్లటి టేబుల్ క్లాత్‌లు, మన ఇడ్లీ పాత్రకి దూరపు చుట్టంలాంటి వెదురు బుట్టల్లో ఆవిరి కక్కుతున్న కుడుములు. నేను వెళ్ళి పెద్దావిడ పక్కనే కూర్చుని టీ కూజా హస్తగతం చేసుకున్నాను. అతిథి గ్లాసు ఖాళీగా కనిపిస్తే పరువు పోయినట్టేనని నమ్మే ఇంట్లో పెరిగినదాన్ని మరి. కప్పులో టీ పోశాను. ఆవిడ రెండు వేళ్ళతో బల్ల మీద టకటకమని కొట్టింది. ఓహో, ఇంకా పొయ్యమంటోంది కాబోలని అంచుదాకా నింపాను. మళ్ళీ టకటక. ఆవిడ ఓ గుక్క తాగగానే నింపాను, మళ్ళీ టకటక. కూజా మారింది, టకటక మారలేదు. ఆవిడ కష్టపడి తాగుతోంది, నేను కష్టపడి పోస్తున్నాను, నా ప్లేట్‌లో రొయ్యల కుడుము చల్లారిపోతోంది. శాస్త్రిగారు ఎదురుగా కూర్చుని, కానివ్వు కానివ్వు అని కళ్ళతోనే హుషారు చేస్తున్నారు.

చివరికి కూజా కింద పెట్టేసి మేనేజర్ వైపు తిరిగాను. "మీ అమ్మగారికి కాస్త చెప్పండి. మా ఊళ్ళో గేదెనైనా పేరు పెట్టి పిలుస్తాం. బల్ల కొడితే పరిగెత్తే మనిషిని కాదు నేను."

శాస్త్రిగారి చాప్‌స్టిక్స్‌లోంచి కుడుము జారి సాస్‌లో పడింది. "అయిపోయింది, టికెట్ బుక్ చేసుకో తల్లీ," అన్నారు తెలుగులో, మెల్లిగా.

మేనేజర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "టీ పోసినవాళ్ళకి మేం థాంక్స్ చెప్పే పద్ధతి అది. మా అమ్మ అరగంట నుంచీ నీకు థాంక్స్ చెబుతూనే ఉంది."

భూమి రెండుగా చీలితే బాగుండుననుకున్నాను. (కాలిఫోర్నియాలో అది మరీ గొంతెమ్మ కోరికేం కాదు.) ఈలోగా ఆయన నా ఉపన్యాసమంతా వాళ్ళమ్మకి చెప్పాడు. ఆవిడ నన్ను చూసి, కూజాని చూసి, ఏదో అంది. ఆయన పగలబడి నవ్వాడు. "ఈ పిల్ల దేనికో భయపడుతూ పోస్తోంది, తాగకపోతే బాధపడుతుందని తాగానంటోంది. ముందు బాత్రూమ్ ఎక్కడో చూపించమంటోంది."

ఆవిడ చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను. ఆ వారమే పర్మనెంట్ అయ్యాను. కోడ్ చూసి చేశారా, టీ చూసి చేశారా అని అడగలేదు. జీవితంలో నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

మొన్న టెక్సాస్‌లో, ఇప్పుడు మేముండే ప్లేనోలో డిమ్ సమ్‌కి వెళ్తే, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి నాకు టీ పోసింది. ఆనాటి నుంచీ అబ్బిన అలవాటుగా రెండు వేళ్ళతో బల్ల మీద కొట్టాను. "మమ్మీ, పోస్తున్నా కదా. నేనేమైనా వెయిట్రెస్‌నా?" అంది గడ్డం పైకెత్తి. ఆ గడ్డాన్ని ఎక్కడో చూసినట్టనిపించింది. జవాబు నాలిక చివరిదాకా వచ్చింది గానీ, మింగేసి టీ తాగాను. కప్పు కింద పెట్టగానే మళ్ళీ నింపింది. ఫరవాలేదు, బాత్రూమ్ ఎటువైపుందో వచ్చేటప్పుడే చూసిపెట్టుకున్నాను.