మిరప బస్తాల మధ్య గిటారు

నందిగామలో డాన్సు స్కూలు నడిపే నా స్నేహితురాలు పిల్లల కోసం ఒక ట్యూన్ చేసిపెట్టమంది. వెంటనే ఒప్పుకున్నాను. డ్రమ్స్, బేస్, వయొలిన్లు అన్నీ లాప్‌టాప్‌లో మిడి ట్రాకులుగా పేర్చేశాను. ఏ స్వరం ఎప్పుడు మోగాలో మనం చెబితే చాలు, కంప్యూటరే వాయించేస్తుంది. గిటారు కూడా దాంతోనే వాయింపించాను. వినడానికి బాగానే ఉంది. అదే నా బాధ! పెళ్లయి జగ్గయ్యపేట వచ్చాక నా గిటారు బీరువా మీదికెక్కింది. ఈ ట్యూన్‌లోనైనా నా వేళ్లు వినపడకపోతే దాన్ని ఇక దించనని నాకు తెలుసు.

"ఆ కంప్యూటరు పెట్టెలో గిటారు మోగుతోందిగా, మళ్ళీ నీకెందుకమ్మా శ్రమ?" అన్నారు అత్తయ్య.

వినలేదు. గిటారు కిందికి దించి, హాల్లో మైకు పెడితే బావిలోంచి వాయించినట్టు వచ్చింది. ఇంటి వెనక మా మిరపకాయల గోడౌను ఉంది. చుట్టూ బస్తాలే, అరిచినా ప్రతిధ్వని రాదు. ఇంత మంచి స్టూడియో విజయవాడలో కూడా దొరకదనుకుని అన్నీ మోసుకెళ్లి కూర్చున్నాను. హెడ్‌ఫోన్స్‌లో డ్రమ్స్ మొదలవగానే వేళ్లు వాటంతటవే కదిలాయి. ఒళ్లు పులకరించింది. ఆ సంబరంలో ఘాటు సంగతే మరిచాను. సగం దాటేసరికి ఒకటే తుమ్ములు! రికార్డింగులో గిటారుకంటే తుమ్ములే తాళంలో ఉన్నాయి.

అత్తయ్య నవ్వుతూ వచ్చి, తొడిమలు తీసే ఆడవాళ్లు కట్టుకున్నట్టే నా ముక్కుకి తడి తువ్వాలు బిగించారు. "ఇప్పుడు కానీయ్. తలుపు దగ్గర నేను కూర్చుంటా, ఎవర్నీ రానివ్వను."

ఈసారి చివరిదాకా వాయించాను. వింటే గిటారు డ్రమ్స్ వెనకాల ఈడ్చుకుంటూ వస్తోంది. నా చేతికి పాత అలవాటు పోయిందనుకున్నాను. మళ్ళీ విన్నాను. ప్రతి స్వరమూ సరిగ్గా ఒకే దూరంలో వెనకబడింది. తప్పు నాది కాదు, శబ్దాన్ని లోపలికి తీసుకోవడంలో కంప్యూటర్ చేసిన ఆలస్యం! ట్రాకును మౌసుతో కాస్త ముందుకు జరిపాను. డ్రమ్స్‌తో అతుక్కుపోయింది! వేళ్లు తీగమీద జారిన చప్పుడు కూడా వినిపిస్తోంది. గోడౌన్లోనే గంతేశాను.

కంప్యూటర్ వాయించిన గిటారును వెంటనే చెరిపేశాను.

"అయ్యో, తీసేశావా? మళ్ళీ కావాల్సొస్తేనో?" అన్నారు అత్తయ్య కంగారుగా.

"అక్కర్లేదత్తయ్యా. నేనున్నాగా."